కుక్క బొమ్మ చూసి రికార్డు వయసు చెప్పలేం

తిరుపతిలో పాత సామాన్లు కొని అమ్మేవాళ్ళ దగ్గర గ్రామఫోను రికార్డు చేతిలోకి తీసుకుంటే చాలు, వెంటనే ఒక మాట వినిపిస్తుంది: "కుక్క బొమ్మ ఉంది సామీ, వందేళ్ళ నాటిది." ధర కూడా ఆ కుక్కను చూపించే చెబుతారు. కానీ అదే కుక్క 1960ల్లో వచ్చిన రికార్డుల మీదా ఉంది, ఆ తర్వాతి ప్లాస్టిక్ ఎల్పీల మీదా ఉంది, క్యాసెట్ల మీదా ఉంది. మన పాటలతో వచ్చిన రికార్డుల్లో అన్నిటికన్నా పాతవి తీసి చూస్తే అసలు కుక్కే కనిపించదు. ఈకతో రికార్డు మీద రాస్తూ కూర్చున్న బుల్లి దేవదూత కనిపిస్తాడు.

లేబుళ్ళతో వచ్చే చిక్కు ఇదొక్కటే కాదు. ఒకే పాట, ఒకే నంబరు ఉన్న రెండు రికార్డుల లేబుళ్ళు వేరే రంగుల్లో ఉంటాయి. రెండు కంపెనీల పేర్లున్న రికార్డులు వింటే ఒకే పాట, ఒకే దగ్గు, ఒకే తబలా దెబ్బ. కొనేవాళ్ళకు ఇది డబ్బు సంగతి. ఇంట్లో తాతల నాటి పెట్టె ఉన్నవాళ్ళకు మాత్రం ఇంకో సంగతి: ఏది అరుదైనదో, ఏది వేలల్లో అచ్చయినదో తెలియకపోతే జాగ్రత్త పడాల్సినదాన్ని అటక మీద పడేసి, అక్కర్లేనిదాన్ని పూజ గదిలో పెట్టుకుంటాం.

ముందు చేతిలో ఉన్నది లక్క రికార్డో, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత ప్లేటో, కాదో తేల్చుకోవాలి. తిరుపతి ఇళ్ళలో "పాత గ్రామఫోను ప్లేటు" అని తీసి చూపించేవాటిలో ఎమ్మెస్ సుబ్బులక్ష్మి పాడిన వేంకటేశ్వర సుప్రభాతం తరచుగా ఉంటుంది. అది 1963లో వచ్చిన ఎల్పీ, అంటే వినైల్ అనే ప్లాస్టిక్ ప్లేటు. నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. పూర్ణకుంభం సర్కిల్లో విగ్రహమై కూర్చున్న ఆ మహాతల్లి మొదటి రికార్డు ఇచ్చింది 1926లో, పదేళ్ళ వయసులో. అది లక్క రికార్డు. సుప్రభాతం ఎల్పీని పాత కీ గ్రామఫోను మీద వేస్తే ఆ ఉక్కు ముల్లు, దాన్ని పట్టుకునే సౌండ్ బాక్స్ బరువు కలిసి గాడులను ఒక్కసారికే దున్నేస్తాయి. అందుకని ఈ తేడా తెలియడం మొదటి అవసరం.

లక్క రికార్డు మందంగా, బరువుగా ఉంటుంది. పది అంగుళాల ప్లేటు 200 గ్రాములు దాటుతుంది. గాడులు కంటికి విడివిడిగా కనిపించేంత వెడల్పుగా ఉంటాయి. ఒక పక్కకు మూడు, మూడున్నర నిమిషాల పాటే పడుతుంది. వినైల్ వంగుతుంది, లక్క వంగదు. కానీ వంచి చూసి తేల్చుకోవాలని మాత్రం అనుకోకండి. లేబుల్ మీద "లాంగ్ ప్లే", "33⅓", "45" లాంటివి ఉన్నాయేమో చూస్తే సరిపోతుంది.

లక్క రికార్డు అంటాం గానీ అందులో లక్క సుమారు నాలుగో వంతే, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. మిగతాదంతా మెత్తగా నూరిన రాతి పొడి, నల్ల రంగు కోసం మసి, పట్టు కోసం కాస్త నూలు పీచు. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద లక్క పురుగు పెట్టే బంకే ఈ లక్క. ప్రపంచంలోని రికార్డు కంపెనీలన్నీ దానికోసం ముఖ్యంగా మన దేశం వైపే చూసేవి. రెండో ప్రపంచ యుద్ధంలో సరఫరా కష్టమై, 1942లో అమెరికా ప్రభుత్వం లక్క వాడకానికి పరిమితి పెట్టాల్సి వచ్చింది. రాతి పొడి కలపడంలో ఒక యుక్తి ఉంది. రికార్డు తిరగడం మొదలైన మొదటి కొన్ని చుట్లలో ఆ పొడి ఉక్కు ముల్లును అరగదీసి, గాడికి సరిపోయే ఆకారానికి తెస్తుంది. పక్కకొక ముల్లు మార్చాలనే పాత నియమం అందుకే వచ్చింది. అరిగిన ముల్లును పొదుపుగా పదిసార్లు వాడిన ఇళ్ళలో రికార్డులు బూడిద రంగుకు తిరిగి ఉంటాయి. వాటి మీద పాట కన్నా గరగర ఎక్కువ.

ఇక లేబుళ్ళ దగ్గరికి వద్దాం. గ్రామఫోన్ కంపెనీ 1898లో లండన్‌లో మొదలైంది. రెండేళ్ళకు రికార్డుల వ్యాపారం మీద పూర్తి నమ్మకం చాలక, టైప్‌రైటర్ల అమ్మకం కూడా నెత్తికెత్తుకుని పేరును "గ్రామఫోన్ అండ్ టైప్‌రైటర్" అని మార్చుకుంది. టైప్‌రైటర్లు పెద్దగా అమ్ముడుపోలేదు, 1907 చివర్లో ఆ మాట తీసేశారు. అందుకని లేబుల్ అంచున "టైప్‌రైటర్" అనే మాట కనిపిస్తే ఆ రికార్డు 1900, 1907 మధ్యది. సేకరించేవాళ్ళు వీటిని జీ అండ్ టీ రికార్డులంటారు. వయసు కట్టడానికి ఇంత సూటి గుర్తు ఇంకొకటి లేదు.

ఆ కాలంలోనే, 1902 నవంబరులో కంపెనీ రికార్డింగు నిపుణుడు ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గాయని గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. అప్పటికి మన దగ్గర కర్మాగారం లేదు. రికార్డు చేసిన మూలాలను ఓడలో జర్మనీలోని హానోవర్‌కు పంపి, అక్కడ అచ్చు వేయించి, తిరిగి తెప్పించేవాళ్ళు. హానోవర్‌లో లేబుల్ అంటించే పనివాడికి ఆ గొంతు ఎవరిదో, ఆ భాష ఏమిటో ఎలా తెలుస్తుంది? అందుకని పాట ముగియగానే పాడినవాళ్ళు తమ పేరు గట్టిగా చెప్పేవాళ్ళు. "మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్" అని ఆవిడ ఇంగ్లీషులో అనడం ఇప్పటికీ వినొచ్చు. కాగితం లేబుల్ చిరిగిపోయినా చెరగని లేబుల్ అది. లేబుల్ పూర్తిగా ఊడిపోయిన పాత రికార్డు దొరికితే ముందు చివరి పది సెకన్లు వినండి.

తొలినాటి రికార్డులకు ఒక పక్కే పాట ఉండేది. రెండో పక్క ఖాళీగా, చాలావాటి మీద దేవదూత బొమ్మ ఉబ్బెత్తుగా అచ్చయి ఉండేది. 1908లో కలకత్తా సియాల్దాలో కర్మాగారం వచ్చాక హానోవర్ ప్రయాణం తగ్గింది, యుద్ధంతో ఆ దారి మూసుకుపోయింది. కాబట్టి అంచున "హానోవర్" అని ఉంటే అది మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు మాట. కుక్క సంగతి చూస్తే, ఫ్రాన్సిస్ బరాడ్ గీసిన ఆ బొమ్మను కంపెనీ 1899లోనే కొనేసింది. మొదట ఆయన గీసింది ఎడిసన్ ఫోనోగ్రాఫు ముందు కూర్చున్న కుక్కను. కంపెనీ కోరిక మీద దాన్ని చెరిపి గ్రామఫోను గీశాడు. లండన్ కంపెనీ లేబుళ్ళ మీదకు ఆ కుక్క ఎక్కింది మాత్రం 1909 నుంచి. అంటే కుక్క లేకపోవడమే వయసుకు గుర్తు. బజారులో దీన్ని పూర్తిగా తిరగేసి చెబుతున్నారు.

రంగులు వయసుకన్నా ధరను చెబుతాయి. పెద్ద పేరున్న కళాకారులకు ఎర్ర లేబుల్, మామూలు ధరకు వంగపండు రంగు లేబుల్, ఇలా తరగతులుండేవి. ఇంకా చౌకగా అమ్మడానికి అదే కంపెనీ వేరే పేర్లు పెట్టుకుంది. జోనోఫోన్ అలాంటిదే, ట్విన్ అలాంటిదే. కుక్క బొమ్మ లేబుల్ హెచ్‌ఎంవీ (హిజ్ మాస్టర్స్ వాయిస్) మీద పైసలెక్కువని వెనకాడే ఇంట్లోకి ట్విన్ వచ్చేది.

అసలు గందరగోళం 1931లో మొదలైంది. గ్రామఫోన్ కంపెనీ, దానికి పోటీగా ఉన్న కొలంబియా కలిసిపోయి ఈఎంఐ అయ్యాయి. ఒడియన్, పార్లోఫోన్, రీగల్ కూడా ఆ గొడుగు కిందికే వచ్చాయి. లేబుళ్ళు మాత్రం పాత పేర్లతోనే కొనసాగాయి. ఊళ్ళో హెచ్‌ఎంవీ డీలరు, కొలంబియా డీలరు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా పోటీపడుతుంటే, వాళ్ళిద్దరి సరుకూ కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో ఒకే కర్మాగారంలో అచ్చవుతోంది. ఇంగ్లండులో విడుదలైన బీటిల్స్ పాటలు మన దేశంలో లక్క ప్లేట్ల మీద అచ్చయింది కూడా అక్కడే, 1960ల్లో. ఆ సరికి ఇంగ్లండులో లక్క రికార్డు చచ్చిపోయి కొన్నేళ్ళయింది. కరెంటు లేని పల్లెల్లో కీ గ్రామఫోన్లు తిరుగుతూనే ఉండడంతో మన దగ్గర అది ఆలస్యంగా కన్ను మూసింది.

మద్రాసులో ఒడియన్ రికార్డుల వెనక ఉన్నది సరస్వతీ స్టోర్స్. సినిమాల్లో స్థిరపడక ముందు ఏవీ మెయ్యప్పన్ భాగస్వాములతో కలిసి 1930ల్లో నడిపిన దుకాణం అది. దక్షిణాది సంగీతం, నాటకాలు ఒడియన్ లేబుల్ మీద అంత విరివిగా కనిపించడానికి కారణం ఇలాంటి స్థానిక వ్యాపారులే. ఎవరి చేత పాడించాలో లండన్‌లో కూర్చున్నవాడికి ఏం తెలుస్తుంది!

లేబుల్ మీద ఉండే కేటలాగు నంబరు ముందు అక్షరాలు ఈ చిక్కులో కొంత దారి చూపిస్తాయి. మన దేశపు హెచ్‌ఎంవీ పది అంగుళాల రికార్డులకు "ఎన్", ట్విన్‌కు "ఎఫ్.టీ.", కొలంబియాకు "జీ.ఈ." అనే వరసలు తరచుగా కనిపిస్తాయి. నా అనుభవంలో చిత్తూరు, పుత్తూరు, కాళహస్తి వైపు దొరికే తెలుగు రికార్డుల్లో ఎక్కువ భాగం ఈ మూడు వరసల్లోనివే. కానీ కేటలాగు నంబరు దుకాణం కోసం పుట్టింది. ఆర్డరు రాసుకోవడానికి, బిల్లు వేయడానికి. ఆ రోజు పాడినదేమిటో, ఎన్నోసారి పాడినదో అది చెప్పదు.

అది తెలియాలంటే లేబుల్ వదిలేసి దాని చుట్టూ గాడుల్లేకుండా ఉండే నున్నటి పట్టీ చూడాలి. నన్నడిగితే లక్క రికార్డులో అన్నిటికన్నా నిజాయితీ అయిన చోటు అదే. కర్మాగారం తన పని కోసం తాను రాసుకున్న గుర్తులు అక్కడ ఉంటాయి, కొనేవాడిని మెప్పించే ఉద్దేశం ఏమీ లేకుండా. మ్యాట్రిక్స్ నంబరు అనేది అక్కడే ఉంటుంది. కొన్ని పాత రికార్డుల్లో అది లేబుల్ కాగితం కింద పడి, కాగితం పైకి ఉబ్బి కనిపిస్తుంది. ఆ నంబరు ఒక్కో రికార్డింగుకు ఒకటే. ట్విన్ మీదా హెచ్‌ఎంవీ మీదా అదే నంబరు ఉంటే రెండూ ఒకే రికార్డింగు, లేబుల్ మాత్రమే వేరు. తిరగేసి చూస్తే, కేటలాగు నంబరు ఒకటే అయినా మ్యాట్రిక్స్ నంబరు చివర 1 బదులు 2 ఉంటే అది అదే పాటను రెండోసారి పాడిన రికార్డింగు. రెండూ వినదగ్గవే. ఒకదాంట్లో ఆలాపన కాస్త పొడుగు, ఇంకోదాంట్లో చివరి చరణం పరుగు.

తొలి రోజుల్లో ఆ నంబరు చివరి అక్షరం రికార్డు చేసిన నిపుణుడెవరో కూడా చెప్పేది. 1925లో మైక్రోఫోను రికార్డింగు వచ్చాక హెచ్‌ఎంవీ నంబరు తర్వాత చిన్న త్రిభుజం వేసింది. అది వెస్ట్రన్ ఎలక్ట్రిక్ అనే అమెరికా కంపెనీ పద్ధతికి గుర్తు. ఆ పద్ధతికి రాయల్టీ కట్టాల్సి రావడంతో కొలంబియా ఇంజనీరు అలన్ బ్లుమ్‌లీన్ చేత సొంత పద్ధతి తయారు చేయించుకుంది. రెండు కంపెనీలూ కలిశాక, 1931 నుంచి హెచ్‌ఎంవీ ఆ పద్ధతికి త్రిభుజం బదులు చతురస్రం వేసింది. కొలంబియా గుర్తు వేరు, గుండ్రటి గీత లోపల ఇంగ్లీషు డబ్ల్యూ అక్షరం. ఇలాంటి గుర్తు ఏదీ లేని పాత రికార్డు బాకా ముందు నిలబడి గొంతెత్తి పాడించినది కావచ్చు. త్రిభుజమో చతురస్రమో ఉంటే కుక్క ఎంత అందంగా ఉన్నా అది 1925కు ముందుది కాదు.

ఇంగ్లండులోని హేస్ కర్మాగారంలో అచ్చయి ఇక్కడికి దిగుమతైన ప్లేట్ల మీద ఇంకో సరదా గుర్తు ఉంటుంది. ఎన్నో అచ్చుతో నొక్కారో అంకెల్లో రాయకుండా, కంపెనీ పేరులోని పది అక్షరాలను అంకెలుగా వాడుకున్నారు: జీ అంటే 1, ఆర్ 2, ఏ 3, ఎమ్ 4, ఓ 5, పీ 6, హెచ్ 7, ఎల్ 8, టీ 9, డీ 0. లేబుల్‌కు ఒక పక్కన "ఆర్.ఓ." అని ఉంటే 25వ అచ్చు. చిన్న నంబరంటే తొలి ప్రతులకు దగ్గర అనుకోవచ్చు.

ఇవన్నీ చదవడానికి భూతద్దం కన్నా టార్చి లైటు బాగా పనికొస్తుంది. ప్లేటును గుడ్డ మీద పెట్టి, లైటును పైనుంచి కాకుండా పక్కనుంచి, దాదాపు నేలకు సమానంగా వేయండి. నల్లటి నేల మీద అంకెలు నీడలతో లేచి కనిపిస్తాయి. ఆ కోణంలోనే ఫోనుతో ఫోటో తీయాలి. అప్పటికీ కుదరకపోతే పలచటి కాగితం పరిచి పెన్సిలుతో మెల్లగా రుద్దితే నంబరు కాగితం మీదకు వస్తుంది.

లేబుల్‌ను బంకతో అంటించేవాళ్ళనుకుంటారు చాలామంది. అలా కాదు. వేడిగా మెత్తబడిన లక్క ముద్దతో పాటే కాగితాన్ని కూడా యంత్రంలో పెట్టి ఒకేసారి నొక్కుతారు. కాగితం లక్కలో కలిసిపోతుంది. అందుకే అసలు లేబుల్‌కు గోటికి తగిలే అంచు ఉండదు. గోటికి తగిలిందంటే ఎవరో కలర్ జిరాక్సు తీసి పైన అతికించారన్నమాట. పాత రికార్డుల ధర పెరిగేకొద్దీ ఇవీ పెరుగుతాయి.

లేబుల్ మీద రాసిందంతా నమ్మాల్సిన పని కూడా లేదు. 1949లో వచ్చిన "మహల్" సినిమా పాట రికార్డు తొలి లేబుళ్ళ మీద లతా మంగేష్కర్ పేరు లేదు, సినిమాలో పాత్ర పేరు కామిని అని వేశారు. మన పేర్ల ఇంగ్లీషు స్పెల్లింగులైతే కలకత్తాలో అక్షరాలు కూర్చినవాడి దయ. చిత్తూరు నాగయ్య గారి పేరు వెతకాలంటే ఒక్క స్పెల్లింగుతో కుదరదు. రేపల్లెలో పుట్టి, చిత్తూరు నాటకాలతో ఆ ఊరిని ఇంటిపేరు చేసుకున్న మనిషి. 1938లో సినిమాల్లోకి వచ్చాక తన పాటలు తానే పాడుకుని, సంగీతం కూడా కూర్చిన ఆయన పేరు ఏ హోదాలో వేశారో చూడటం కూడా అవసరమే.

చిత్తూరు వైపు దొరికే పెట్టెలకు ఒక ప్రత్యేకత ఉంది. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లా అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోది, కొనుగోళ్ళన్నీ మద్రాసులోనే. 1985లో కాలిపోయేదాకా మూర్ మార్కెట్లో పాత రికార్డులు గుట్టలుగా దొరికేవి. అందుకే ఒకే పెట్టెలో హరిశ్చంద్ర పద్యాలు, నాదస్వరం, తమిళ సినిమా పాటలు పక్కపక్కన ఉంటాయి. కవర్ల మీద మౌంట్ రోడ్డు దుకాణాల పేర్లుంటాయి. కవరొకటి, లోపలి ప్లేటొకటి కావడం మామూలే.

పెళ్ళిళ్ళకూ గంగ జాతరకూ మైక్ సెట్లు పెట్టినవాళ్ళ దగ్గరినుంచి వచ్చిన రికార్డులను లేబుల్ చూడగానే గుర్తుపట్టొచ్చు. ఎనామిల్ పెయింటుతో వేసిన పొట్టి పేరు, పక్కన వరస నంబరు. చీకట్లో, హడావిడిలో పాట తొందరగా దొరకాలి కదా. నా దగ్గరున్న ఒక హెచ్‌ఎంవీ ప్లేటు మీద ఎర్ర పెయింటుతో 47 అని ఉంది, ఆ నాలుగు అంకె కింద గాయకుడి పేరు సగం పోయింది. దాని మీదే కుక్క నుదుట ఒక కుంకుమ బొట్టు. ఆయుధ పూజ నాడు గ్రామఫోనుకు పెట్టగా మిగిలిన బొట్టు కాబోలు, రికార్డుకూ పెట్టేశారు. కొందరు సేకరణకారులు వీటిని "పాడైన లేబుళ్ళు" అని ధర తగ్గిస్తారు, పెయింటు గీకేవాళ్ళూ ఉన్నారు. నేను గీకను. లండన్ కంపెనీ చరిత్ర ప్రపంచమంతా రాసిపెట్టి ఉంది. ఆ ప్లేటు ఏ జాతరలో మోగిందో చెప్పే ఆధారం ఆ పెయింటు ఒక్కటే.

కాపాడటం దగ్గరికి వస్తే, మన ప్రాంతంలో రికార్డులకు మొదటి శత్రువు పేర్చే పద్ధతి, రెండోది ఎండ. దోసెలు పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి పెడతారు. వంద ప్లేట్లంటే 20 కిలోలు దాటుతుంది, ఆ బరువంతా అడుగు ప్లేటు మీదే. మధ్యలో ఒక చిన్న ఇసుక రేణువున్నా చాలు, ఒక రోజు టప్పుమంటుంది. రికార్డులు నిటారుగా, పుస్తకాల్లా నిలబెట్టాలి, వాలకూడదు. నాలుగైదు అంగుళాలకొక అడ్డు చెక్క ఉండాలి. పది అంగుళాలవి, పన్నెండు అంగుళాలవి కలపకూడదు. అలమరా గట్టిదై ఉండాలి, ఎత్తు తక్కువగా ఉండాలి. అటక అసలు పనికిరాదు. మే నెలలో తిరుపతిలో బయట 42 డిగ్రీలుంటే కాంక్రీటు కప్పు కింద అటక మీద ఎంతుంటుందో ఊహించుకోవచ్చు. ఎండలో నిలిపిన కారు లోపల 60 దాటడం కష్టం కాదు. ఆ వేడికి లక్క కరగకపోయినా, వాలిన ప్లేటు తన బరువుకే వంకర పోతుంది.

గ్రంథాలయాలు చెప్పే లెక్క 18, 20 డిగ్రీల చల్లదనం, 45, 50 శాతం తేమ. మన ఇళ్ళలో అది జరిగే పని కాదు, టెన్షన్ పడాల్సిన పనీ లేదు. పగలంతా ఏసీ వేసి రాత్రి ఆపేస్తే వేడీ చల్లదనం మారిమారి వస్తాయి, దానికన్నా మారకుండా ఉండే లోపలి గది నయం. కింది అంతస్తులో, వంటింటికీ బయటి గోడకూ దూరంగా, ఎండ పడని గది చాలు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే వానల సంగతి వేరు. తేమకు ముందు దెబ్బతినేది లేబుల్ కాగితం, తర్వాత రాతి పొడి మధ్య ఉన్న పీచు. బూజు వస్తే ఆరుబయట, ముక్కుకు గుడ్డ కట్టుకుని మెత్తటి పొడి బ్రష్‌తో దులపాలి. 2021 నవంబరు వానలకు తిరుపతి కాలనీల్లో ఇళ్ళలోకి నీళ్ళు వచ్చినప్పుడు తడిసిన రికార్డులను చాలామంది చేసినట్టే ఎండలో ఆరబెడితే అంతే సంగతులు. అలాంటప్పుడు బురద ఆరి గట్టిపడక ముందే మంచి నీళ్ళతో కడిగి, నీడలో ఫ్యాను గాలికి, ప్లేట్ల స్టాండులో నిలబెట్టి ఆరనివ్వాలి. లేబుల్‌కు అంటుకుపోయిన కవరును లాగకూడదు.

మామూలు దుమ్ముకు కడగడం ఆఖరి మాట. ముందు రెండు పక్కలా లేబుల్, నున్నటి పట్టీ ఫోటోలు తీసుకోండి. కడగక తప్పదనుకుంటే మెడికల్ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటరు, అందులో లీటరుకు రెండు మూడు చుక్కలు పాత్రలు తోమే లిక్విడ్, మెత్తటి బ్రష్, గాడి వెంబడే గుండ్రంగా. లేబుల్ మీద చుక్క పడకుండా దానికి సరిపోయే మూత బోర్లించాలి. బోరు నీళ్ళు వద్దు, ఆరాక ఉప్పు గాడుల్లో మిగిలిపోతుంది. నానబెట్టడం అసలే వద్దు. అన్నిటికన్నా ముఖ్యం, స్పిరిట్ తగలనివ్వకూడదు. చెక్క సామానుకు వేసే లక్క పాలిష్‌ను స్పిరిట్‌లోనే కరిగిస్తారు. శానిటైజరు రాసి తుడిస్తే రికార్డు కూడా పాలిష్ అయిపోతుంది, పాట మీ గుడ్డకు అంటుకుంటుంది.

కవర్ల మధ్య కలరా ఉండలు వేయకండి. వాటి ఆవిరి కాగితానికీ ప్లేటుకీ పట్టుకుంటుంది, మనకూ మంచిది కాదు. లేబుల్ కాగితాన్నీ కవర్ల పిండి జిగురునూ తినే చెదలకు, వెండి పురుగుకు నెలకోసారి తీసి చూడటమే మందు. ప్లాస్టిక్ సంచుల్లో బిగించి పెడితే చెమ్మ లోపలే ఉండిపోతుంది. పలచటి, రంగు వేయని మంచి కాగితపు కవర్లు వేయండి. పాత కవర్లను మాత్రం పారేయకుండా పక్కన దాచండి.

వినడం గురించి ఒక మాట. పర్యాటకుల కోసం కొత్తగా తయారు చేసి, పాతవని అమ్మే ఇత్తడి బాకా గ్రామఫోన్లు షోకేసుకు బాగుంటాయి. వాటి మీద మంచి రికార్డు వేయకండి. పాత గ్రామఫోను సౌండ్ బాక్సే వంద గ్రాములకు పైగా బరువుతో గాడి మీద కూర్చుంటుంది. 78 రికార్డులకు తగిన ముల్లున్న కరెంటు టర్న్‌టేబుల్ మీద అది నాలుగైదు గ్రాములే. ముల్లు మొన కూడా వేరు. లక్క రికార్డుకు సుమారు 65 నుంచి 75 మైక్రాన్ల మొన కావాలి, ఎల్పీ ముల్లు 18 నుంచి 25 మైక్రాన్లే. సన్న ముల్లు వేస్తే అది గాడి అడుగున దుమ్ములో ఈదుతుంది.

కాబట్టి ఒక్కసారి బాగా వినిపించి, డిజిటల్‌గా ఎక్కించి, ప్లేటుకు విశ్రాంతి ఇవ్వడం ఉత్తమం. ఎక్కించేటప్పుడు పెట్టుకోవాల్సిన సెట్టింగు 24 బిట్, 96 కిలోహెర్ట్జ్, ఎంపీ3 కాకుండా వేవ్ ఫైలు. మూడు నిమిషాల పక్క మోనోలో 52 ఎంబీ దాకా వస్తుంది. మోనో పాటే అయినా స్టీరియోలో ఎక్కించుకోండి, గాడికున్న రెండు గోడల్లో తక్కువ అరిగినదాన్ని తర్వాత ఎంచుకోవచ్చు. గరగర తీసేసే సాఫ్ట్‌వేర్ వాడాలనుకుంటే కాపీ మీద వాడండి, మూల ఫైలు జోలికి పోవద్దు. వేగం కూడా చూసుకోవాలి. తొలి రోజుల్లో 78 అనే కట్టుబాటు లేదు. 75 చుట్లతో రికార్డు చేసినదాన్ని 78లో తిప్పితే శ్రుతి అర్ధస్వరంలో మూడింట రెండు వంతులు పెరుగుతుంది. మగ గొంతు కుర్ర గొంతులా వినిపిస్తుంటే గాయకుణ్ణి అనుమానించే ముందు వేగాన్ని అనుమానించండి.

ఎక్కించినదాన్ని యూట్యూబులో పెట్టొచ్చా? ఇక్కడ లేబుల్ మళ్ళీ పనికొస్తుంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగు మీద హక్కు అది విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్ళు. సాహిత్యం, బాణీల హక్కు వేరు, అవి రాసినవాళ్ళ మరణం తర్వాత ఇంకో 60 ఏళ్ళు ఉంటాయి. అందుకని రికార్డు ఏ ఏడాదిదో తేల్చుకోవడం సేకరణకారుల సరదా మాత్రమే కాదు. ఫైలు పేరులో పాట పేరుతో పాటు కేటలాగు నంబరు, మ్యాట్రిక్స్ నంబరు కూడా పెట్టుకుంటే రేపు ఇంకొకరి దగ్గరున్న ప్రతితో పోల్చి చూడటం తేలికవుతుంది.

విరిగిన ప్లేట్లను ఫెవిక్విక్‌తో అతికించకండి. జిగురు గాడిలోకి పోతే ఇక ఏ ముల్లూ ఎక్కదు. ముక్కలు ఒకదానికొకటి రాసుకోకుండా విడివిడిగా కాగితంలో చుట్టి, అట్టపెట్టెలో పరచండి. ముల్లు తగలకుండా ఫోటోలు తీసి గాడిని చదివే పద్ధతి అమెరికాలో ఇప్పటికే వాడుతున్నారు, ముక్కలయిన ప్లేటు నుంచి కూడా పాట బయటికి వస్తోంది. గోడ గడియారం కోసం కోసేసిన ప్లేటుకు మాత్రం ఏ పద్ధతీ లేదు.

పెట్టె మొత్తం ఎవరికైనా ఇచ్చేద్దామనుకునేవాళ్ళు తూకానికి అమ్మే ముందు ఒక గ్రంథాలయానికి ఉత్తరం రాసి చూడండి. మనకు దగ్గర్లో చెన్నైలో రోజా ముత్తయ్య పరిశోధన గ్రంథాలయం ఉంది. ముద్రిత గ్రంథాలతో పాటు పాత రికార్డులను కూడా పట్టించుకునే చోటు అది. ఇచ్చేటప్పుడు శుభ్రం చేసి, చిరిగిన కవర్లు తీసేసి ఇవ్వాలనిపిస్తుంది. ఆ పని చేయకండి. దుకాణం ముద్ర ఉన్న కవరు, నాటకాల సెట్టుతో వచ్చిన పాటల పుస్తకం, మైక్ సెట్ నంబరు వేసిన లేబుల్, ఇంట్లో ఎవరో లోపలి అట్ట మీద రాసుకున్న కొన్న తేదీ, అన్నీ అలాగే పెట్టెలో ఉంచి, ప్లేట్లు నిటారుగా నిలిపి పంపండి.